దొరసాని దాణాలో కలిపిన పొడి

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేను, నీ మరదలు, చిన్నది బాగున్నాం. ఈ వరుసలో నువ్వు నాకు అప్పగించిన నీ గుర్రం దొరసాని ఏదీ అని నీ కళ్లు వెతుకుతాయని తెలుసు. అక్కడికే వస్తాను. నీ కాలి కట్టు విప్పారనీ, కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడిచావనీ చదివి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

అవిసె నూనె కలిపిన దాణా తింటోందా అని అడిగావు. తింటోంది. ముందు మూతి ముడుస్తుంది, నేను అటు తిరిగాక తొట్టి ఖాళీ చేస్తుంది. అచ్చం నీలాగే. విటమిన్ పొడి తడిపిన తవుడులో కలుపుతున్నాను. చిన్నది రోజూ సాయంత్రం లాయానికి వస్తుంది, జూలు దువ్వుతుంది, ఒంటి మీద మాత్రం చెయ్యి వెయ్యదు. "దానికి నొప్పి, నాన్నా" అంటుంది.

నాకు దాని చర్మానికి పట్టిన ఈ జబ్బు ఇప్పటికీ కొరుకుడు పడలేదక్కా. గడియారాలు బాగుచేసేవాణ్ణి, అరిగిన చక్రం కనబడితే తీసి కొత్తది వేస్తాను. ఇక్కడ బయటి నుంచి వచ్చిన పురుగేదీ లేదని పశువుల డాక్టరమ్మ అంటుంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే సొంత చర్మాన్ని పరాయిదనుకుని కొరుకుతోందట. అందుకని ఆ శక్తిని అణచడానికి మాత్రలట. రోగికి బలం తగ్గించి నయం చేయడమేమిటో ఎంత ఆలోచించినా తలకెక్కలేదు.

ముక్కు మీది పెచ్చులు పూర్తిగా రాలాయా అన్న నీ ప్రశ్న ఇంతసేపూ దాటేశాను కదూ. రాలాయని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. రాసేనాటికే కొత్త పొక్కులు లేచాయి.

దానికి ముందు జరిగింది ఇదీ. నూనె కొనడానికి వెళ్తే దాణా కొట్టాయన అడిగాడు, "ఏం బాబూ, గుర్రం ఇంకా కోలుకోలేదా?" చెప్పాను. "చర్మం పాడైందంటే ఒంట్లో సత్తువ లేకనే. రోగాన్ని తట్టుకునే శక్తి పెంచే పొడి ఉంది, రోజుకో గరిటె వెయ్యండి" అన్నాడు. ఎన్నాళ్లకో ఒక మాట సులువుగా అర్థమైంది. అదే నా కొంప ముంచింది. డాక్టరమ్మకు చెప్పలేదు, నీకూ రాయలేదు. బాగయ్యాక చెప్పి శభాష్ అనిపించుకుందామనుకున్నాను.

మూడు వారాలు వేశాను. ముఖమంతా పెచ్చులు కట్టాయి, కాళ్లు వాచాయి, జ్వరం వచ్చింది. డాక్టరమ్మ వచ్చి డబ్బా వాసన చూసి, దాని మీది చీటీ చదివి, అక్కడే బల్ల మీద కూలబడింది.

"దాని శక్తి ఎక్కువై దారి తప్పిందనే కదా మాత్రలిస్తున్నాం! మీరు దాన్నే ఇంకా రెచ్చగొట్టారా?"

"అయితే ఇదంతా నావల్లేనా?"

ఆమె డబ్బా మూత బిగించింది. "చెప్పలేను. ఈ జబ్బు దానంతటదే కూడా తిరగబెడుతుంది" అంది.

తిట్టినా బాగుండేది. తప్పు నాదో కాదో తెలియకుండా ఎలా మోయాలి?

పొడి ఆపేశాం. మాత్రలు పెంచింది, అవి గిట్టలకు చేటు చేస్తాయేమో రోజూ చూడమంది. నూనె, విటమిన్ ఉంచమంది. "అవి చర్మానికి సాయమే గాని మందు కాదు" అని రెండుసార్లు చెప్పింది. ఇవాళ్టికి పది రోజులు. జ్వరం తగ్గింది. కొత్త పొక్కులు లేవు. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా ఎక్కువ రాయను, నామీద నాకే నమ్మకం పోయింది.

పొద్దున గడ్డి వేసి, దాని ముఖం చూడలేక వెనుదిరిగాను. వెనకనుంచి వచ్చి తల నా భుజం మీద పెట్టింది. ముఖం తాకితేనే ఉలిక్కిపడే గుర్రం, బరువంతా నామీద వేసి కళ్లు మూసుకుంది. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు నేను. చొక్కా నిండా పెచ్చులే.

అలా వాలింది దానికి ఏమీ తెలియకనా, తెలిసేనా? గుర్రాల మనసు నీకు తెలుసు. కోపం తీరాకైనా సరే, ఆ ఒక్కటి నాకు రాయి.

ఇట్లు,
నీ మొట్టికాయకు తల వంచి కూర్చున్న
తమ్ముడు