“తర్వాత” బటనూ, సూరమ్మ పాటలూ

దొరికాయి! సూరమ్మ పాటలు నూట నలభై మూడూ దొరికాయి, ఒక్క అక్షరం పోలేదు!

రాయపూర్, గుఢియారీ నివాసి, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు రిటైర్డు ఫిట్టరు పేడాడ పున్నయ్య అనే నేను, వయస్సు డెబ్బై ఆరు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. అక్షరాలు వంకరపోతే అది సంతోషం వల్ల. సాక్షులు గమనించగలరు.

1. ఇల్లు నా కొడుకు గిరిధర్‌కు, కూతురు కల్యాణికి చెరిసగం. ఇందులో వేరే మాట లేదు.

2. కంప్యూటరు సంగతి. నా భార్య కీ.శే. సూరమ్మ చదివింది మూడో తరగతి. ఒంటివేలితో తొమ్మిదేళ్లు కూర్చుని, వాళ్లమ్మ పాడిన పెళ్లిపాటలన్నీ అందులో కొట్టింది. ఆమె పోయాక రోజూ పొద్దున్నే తెర మీద ఒకటే నోటీసు: సిస్టమ్ పాతబడింది, కొత్తది వేసుకోండి అని. నాకు ఇంగ్లీషు రాదు. ఎడమ బటన్ “ఇప్పుడే”, కుడిది “తర్వాత” అని గిరిధర్ కూతురు అమూల్య చెప్పింది. ఆరేళ్లు కుడిదే నొక్కాను. షాపువాడు “అంకుల్‌జీ, ఇస్‌కా జమానా గయా” అన్నాడు, దీని కాలం చెల్లిందట. గిరిధర్ “కబాడీవాడికి పాతసామాను కింద ఇచ్చెయ్యి నాన్నా” అన్నాడు. మర్నాడూ కుడిదే నొక్కాను.

మొన్న దసరా వెళ్లిన మర్నాడు బటన్లు చోటు మార్చుకున్నాయి. నా వేలు మారలేదు. మూడు గంటలయ్యాక కొత్త సిస్టమ్ ఎక్కి తెర తళతళలాడింది గాని, పాటలున్న చోట తెలుగు లేదు. అన్నీ కొక్కేలూ, గొలుసులూ, ఇంగ్లీషు ముక్కలూ. రెండు రోజులు ముద్ద దిగలేదు.

3. ఆ కంప్యూటరు, సూరమ్మ చెవిదుద్దులు అమూల్యకు. “తాతయ్యా, అక్షరాలు ఉన్నాయి, ఫాంటే పోయింది” అని కనిపెట్టింది ఆ పిల్లే. అంటే మనిషి ఉన్నాడు, చొక్కా లేదు. పెళ్లికార్డులు అచ్చేసే నాగబాబు ప్రెస్సులో ఆ పాత చొక్కా ఇంకా ఉంది. తెచ్చి తొడిగింది. నా కళ్లముందే కొక్కేలు కదిలి తెలుగైపోయాయి! ఆ తర్వాత ఏ ఫోనులోనైనా చదువుకునేలా మార్చేసింది. ముప్పై ఆరేళ్లు చక్రాలు విప్పి బిగించినవాణ్ణి, ఇలాంటి బిగింపు నేను ఎన్నడూ చూడలేదు.

4. కొత్త సిస్టమ్ సూరమ్మ మాటల కింద ఎర్రగీతలు గీస్తోంది, తప్పులట. ఎవరూ దిద్దరాదు. ఆమె “పెల్లి” అంటే పెల్లే.

5. నాగబాబుకు నా స్పానర్ల పెట్టె.

6. “అక్కకి కంప్యూటరేటి, కందిపప్పు ఏరుకోక” అని నవ్విన బావమరిది అమ్మిరాజుకు పాటల అచ్చుప్రతి ఒకటి. అమూల్య పెళ్లిలో ఏడో పాట నిలబడి పాడవలెను. పాడాకే భోజనం.

7. ఇంతకుముందు వీలునామా ఏదీ లేదు. రాయమన్న ప్రతిసారీ గిరిధర్‌తో తర్వాత అన్నాను. నేను పోతే మర్నాడు ఆ కుడి బటన్ ఎవరు నొక్కుతారని భయం. ఇక నొక్కే పని లేదు. అందుకే ఇవాళ, తెలిసే, “ఇప్పుడే” అంటున్నాను.

తేదీ: 9 నవంబరు 2025
(సంతకం) పేడాడ పున్నయ్య
సాక్షులు: రామమూర్తి (మోవా), పైడమ్మ (పక్కిల్లు)

ఈ కబురు వెంటనే చెప్పవలసినవారు:
కల్యాణి, ధర్సీవాలో ఉంటుంది.
సూరమ్మ చెల్లెలు ఊర్మిళ, బొబ్బిలి. చెవుడు, గట్టిగా చెప్పాలి.
అమ్మిరాజు. ఏడో పాట సంగతి ముందు చెప్పొద్దు.
సూరమ్మకు నేనే చెబుతాను. అది మాత్రం తర్వాత.