మీ అమ్మ మెడ

చిట్టితల్లికి నాన్న దీవెనలు. మీ అమ్మ ప్రాణానికి భయం లేదు, కాలూ చెయ్యీ ఆడుతున్నాయి. మొన్న మెడ పట్టేసిందంటే, కొట్టులో కటింగ్ అయ్యాక అందరికీ చేసినట్టే మెడ తిప్పి టక్కుమనిపించాను. నలభై ఏళ్ళ చెయ్యి కదా అని ధీమా. కెవ్వుమంది. మెడ ఎముక విరిగింది. ఎముకలు ఎప్పుడో గుల్లబారిపోయాయట. మూడు నెలలు మెడకు గట్టి పట్టీ ఉంచాలన్నారు. ఆ నొప్పిలోనే డాక్టరుతో "బాత్‌రూములో జారిపడ్డానండీ" అనేసింది. ఆ రోజు నుంచీ కొట్టు తెరవలేదు. ఎవరి మెడ మీదా చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు.

అమ్మకు ముందువైపు గుండీలున్న వదులు జాకెట్లు రెండు కుట్టి పంపు. అల్లుడి దగ్గు తగ్గిందా? నువ్వూ ఎముకల పరీక్ష చేయించుకో. పిల్లలకు ముద్దులు. నువ్వొచ్చినప్పుడు అమ్మ నీకూ జారిపడ్డాననే చెబుతుంది. నమ్మినట్టే ఉండు తల్లీ.