సుఖనిద్ర

ఉధనా, సూరత్
ఆదివారం మధ్యాహ్నం

సౌభాగ్యవతి పార్వతికి ఆశీర్వదించి వ్రాయునది.

నేనూ, చిరంజీవి ఇందుజా ఇక్కడ క్షేమంగా ఉన్నాము. ఈ వాక్యాన్ని ఇన్నేళ్లుగా చేయి తనంతట తానే వ్రాసేది. ఈసారి మాత్రం నిజమేనా అని ఒక్క క్షణం ఆగి వ్రాయవలసి వచ్చింది. అక్కడ నీవూ, మీ అక్క జమునగారూ కులాసా అని తలుస్తాను. ఆమె తుంటి ఎముక అతుకుకొన్నదని, గోడ పట్టుకొని వరండా దాకా నడుస్తున్నారని చదివి సంతోషించాను.

ఫోనులో చెప్పుకోదగినదానికి ఉత్తరమెందుకని నీకు అనిపించవచ్చు. చెప్పవలసిన మాటలు అశుభమైనవి. మనం పలికినదానికల్లా తథాస్తు దేవతలు ‘అట్లే అగుగాక’ అంటారని చిన్ననాటినుండి నమ్మినవాణ్ణి. వ్రాసినదాన్ని కూడా వారు చదువుతారని నేనెరిగిన ఏ గ్రంథంలోనూ లేదు. ఆ సందు చూచుకొని వ్రాస్తున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. కంట్లో చుక్కల మందు మానలేదు. పూర్ణిమనాడు తెలుగు సంఘంలో పురాణం చెప్పానా అని అడిగావు. చెప్పలేదు, గొంతు బాగాలేదని తప్పించుకొన్నాను. ఇందు రాత్రిపూట ముక్కుకు ఆ గాలి యంత్రం పెట్టుకొంటున్నదా అంటే, పెట్టుకొంటున్నది. నిద్రలో తానే ఊడబెరుక్కొంటున్నది. ఇక మన అమ్మాయికి ఏ జబ్బూ లేదని బీమా కంపెనీవారితో చెప్పిన ఆ శత్రువు ఎవరు, పై అంతస్తు వినోదేనా అని అడిగావు. వినోద కాదు. ఆమె ఏ పాపమూ ఎరుగదు. మిగిలినది కాస్త ఆగి చెబుతాను.

బీమావారి నిబంధన నీకు మరొకసారి విడమరచి వ్రాస్తాను, జమునగారు అడుగుతున్నారన్నావు గనుక. అమ్మాయికున్న బరువు ఒక్కటే చూస్తే, కడుపు చిన్నది చేసే శస్త్రచికిత్సకు వారు ఒప్పుకోరు. ఆ బరువు వల్ల నిద్రలో ఊపిరి తీవ్రంగా అడ్డుపడుతున్నదని రుజువైతే ఒప్పుకొంటారు. ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసిన పరీక్షలో అది తేలింది. అయినా ఇంటికి మనిషిని పంపి విచారించుకోవడం వారి పద్ధతి. ఆ విచారణలోనే వ్యవహారం చెడింది. ఇది రూపం కోసం చేయించుకొనే చికిత్స అని త్రోసివేశారు.

ఆ సంగతి తెలిసి మన పిల్ల నవ్వింది. “చూశారా నాన్నా, నేనేదో అందాల పోటీకి వెళ్తున్నాననుకున్నారు! పోనీలెండి, ఒకళ్లయినా అలా అనుకున్నారు,” అన్నది. నవ్వు పూర్తి కాకుండానే ఆయాసం వచ్చి సోఫా మీద కూలబడింది. బీమా లేకుండా ఆ చికిత్స మనవల్ల అయ్యేది కాదు. చికిత్స లేకపోతే ఏమవుతుందని వైద్యురాలిని అడిగితే, ఆవిడ నా ముఖం చూడకుండా బల్ల మీది కాగితాలు సర్దుకొన్నది.

పార్వతీ, నీవు వెళ్లిన తరువాత ఈ ఇంట్లో మరొకటి జరుగుతున్నది. ఇందు రింగ్ రోడ్ బ్యాంకులో పనికి వెళ్లిపోయి, నేనొక్కణ్ణే ఉన్న వేళల్లో కూడా లోపలి గదిలో గురక వినిపిస్తున్నది. ఎక్కడో మరమగ్గం ఆడుతున్నదేమో అనుకొన్నాను. మగ్గానికి ఒకటే లయ. ఇది అలా కాదు. పెరిగి పెరిగి, దేనికో తట్టుకొని, ఆగుతుంది. పద్యం యతిస్థానంలో ఆగితే తరువాత రావలసిన అక్షరమేదో నాకు తెలుసు. ఇక్కడ ఆగినచోట తరువాతిది ఉన్నదో లేదో తెలియదు. వెళ్లి చూస్తే మంచం ఖాళీ.

అది మా తమ్ముడు సూర్యనారాయణ గురక. వాడు ఈ ఫ్లాటులో అడుగైనా పెట్టలేదు. వాడు పోయింది అప్పటి మన రైల్వే క్వార్టర్సులో. ఈ చిరునామా వాడికి ఎవరు చెప్పారో!

ఆనాడు నాన్నగారి తద్దినం. ఇందు నీ కడుపులో ఉన్నది. తమ్ముడు కిమ్‌నుండి ఉదయపు బండికి వచ్చాడు. నిండు విగ్రహం. భోక్తలు లేచిన తరువాత తృప్తిగా భోజనం చేసి పక్కగదిలో పడుకొన్నాడు. వాడి గురకకు అలమారలో గిన్నెలు కదులుతున్నాయని మనం నవ్వుకొన్నాము. ఒకచోట అది ఆగింది. “హమ్మయ్య, మీ తమ్ముడు పక్కకు తిరిగాడు. ఇక మనమూ కాస్త నడుం వాలుద్దాం,” అన్నావు నీవు. నేను సరేనన్నాను. కాఫీ ఇవ్వడానికి వాణ్ణి లేపబోయినదీ నీవే. ఆ తరువాత మనం ఆ ‘హమ్మయ్య’ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. చిన్నాన్న గుండె ఆగి పోయాడని మాత్రమే అమ్మాయికి చెప్పాము.

ఇప్పుడు ఆ శత్రువు సంగతి.

బీమావారి మనిషి మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పేరు పరుశురాం. తండ్రి కరీంనగర్ వైపునుండి వచ్చి జోల్వాలో మగ్గాలు నడిపినవాడట. తెలుగు ఇల్లని తెలియగానే అతని ముఖం విప్పారింది. నేనప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చాను.

“పెద్దయ్యా, ఒక్కటే సవాల్. మీ బిడ్డకు నిద్రల దమ్ము ఆగుతదా?” అని అడిగాడు.

సంధ్యవేళ, వెలుగుతున్న దీపం ఎదుట, కన్నబిడ్డ ఊపిరి ఆగుతుందని ఏ నోటితో అనను? “ఎంత మాట నాయనా! మా అమ్మాయి ఆయురారోగ్యాలతో ఉన్నది. చక్కగా సుఖనిద్ర పోతుంది,” అన్నాను.

“అచ్ఛా, సుఖనిద్ర,” అంటూ అతడు ఉన్నదున్నట్లు వ్రాసుకొన్నాడు. టీ త్రాగి, నా కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు.

ఆ శత్రువును నేనే, పార్వతీ.

అమ్మాయికి చెప్పినప్పుడు అది కోప్పడలేదు. “అరే నాన్నా! ఆయన ప్రశ్న అడిగాడు, మీరు దీవెన ఇచ్చారు. దీవెన మీద కేసు నిలబడుతుందా?” అన్నది. వైద్యురాలు మళ్లీ గట్టిగా వ్రాసిన మీదట కంపెనీవారు రెండవ విచారణకు ఒప్పుకొన్నారు. ఆ పరుశురామే వచ్చాడు, ఆ సంధ్యవేళకే.

“రేపు ఉదయం రాకూడదా నాయనా?” అని బతిమాలాను.

“రేపు నాకు కిమ్‌ల డ్యూటీ ఉన్నది. ఇయ్యాల్నే రిపోర్ట్ పంపాలె. జర సాఫ్‌గ చెప్పుండ్రి పెద్దయ్యా. ఆసుపత్రి కాగితం ఒకటి, మీ మాట ఒకటి అయ్యేసరికి మా మేనేజర్ నన్ను తిట్టుడు తిట్టిండు. సుఖనిద్ర గిఖనిద్ర ఏం వద్దు.”

దీపానికి వీపు పెట్టి కూర్చొని చెప్పాను. ఊపిరి ఆగుతుందని, పెదవులు నల్లబడతాయని, ఆ కొంతసేపూ మంచం మీద మనిషి లేనట్లే ఉంటుందని, అన్నీ పైకి పలికాను.

“ఇంట్ల ఇంకెవరికన్న గిట్లయిందా?” అన్నాడు.

సూర్యనారాయణ సంగతి చెప్పాను. గురక ఆగినప్పుడు హమ్మయ్య అన్నది నేనేనని చెప్పాను. అంత చెప్పమని అతడు అడగలేదు. అయినా ఆ మాట ఇంతకాలం నీ ఒక్కదాని దగ్గరే ఉన్నది. ఇకనుండి సగం నా దగ్గర ఉండనీ.

“చాలు పెద్దయ్యా. గీడికి చాలు,” అని పరుశురాం కలం మూశాడు. అతని చూపు వెంట తిరిగి చూస్తే ఇందు చెప్పులు చేతబట్టుకొని గడపలో నిలబడి ఉన్నది.

అతడు వెళ్లాక, “చిన్నాన్న అలా పోయారా?” అని అడిగింది. అవునన్నాను. చెప్పులు కింద పెట్టింది. తరువాత అన్నది: “ఆదివారాలు నేను పడుకుంటే మీరు గుమ్మంలో వచ్చి నిలబడేది అందుకా? అన్నం ఎక్కువ తిన్నానని చూస్తున్నారనుకున్నాను, నాన్నా. చిన్నప్పట్నుంచీ అదే అనుకున్నాను.”

దానికేమి చెప్పాలో నీకేమైనా తోస్తే వ్రాయి.

నిన్న బీమావారి అనుమతి వచ్చింది. ఈ బుధవారం కాక ఆపై బుధవారం ఆసుపత్రిలో చేరాలి. శుభవార్తను ఇంత ఆలస్యంగా చెప్పినందుకు కోపగించుకోకు. నా నోట దానికి శుభవార్త అన్న రుచి ఇంకా రాలేదు. మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతారట. ఏమీ భయం లేదని, యంత్రమే ఊపిరి చూచుకొంటుందని వైద్యురాలు చెప్పింది. నేను తలూపాను. ఆ ‘నిద్ర’ అన్న మాట మాత్రం నాతో ఇంటికి వచ్చింది. జమునగారిని ఎవరికైనా అప్పగించి రాగలిగితే రా. ఆ గది బయట ఒక్కణ్ణే కూర్చోలేను.

ఈరోజు భోజనమైన తరువాత ఇందు నన్ను గుమ్మంలో నిలబడవద్దన్నది. తానే కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది. “ఆగితే పిలవండి. పలుకుతాను,” అని గోడవైపు తిరిగి పడుకొన్నది. అక్కడ కూర్చొనే ఇది వ్రాస్తున్నాను. వాక్యాలు తెగినచోటల్లా నేను కలం కింద పెట్టి దాన్ని పిలిచానని తెలుసుకో. పిలిచినప్పుడల్లా ‘ఊఁ’ అన్నది, పసితనంలో నా ఒళ్లో కథ వింటూ ఊఁ కొట్టినట్లే.

పై మాట వ్రాస్తుండగానే మళ్లీ ఆగింది. ఈసారి రెండుసార్లు పిలవవలసి వచ్చింది. పలికింది. ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఇట్లు,
ఇందు నాన్న