పై అంతస్తు వేడినీళ్లు

డిసెంబర్ 7, ఆదివారం

మా అమ్మాయి జోస్నా అత్తగారు సువార్తమ్మ వదినె వచ్చిపోయింది. చర్చి అవగానే మూసారాంబాగ్ నుంచి నేరుగా ఇక్కడికే. కాళ్లయినా కడుక్కోకుండా బాత్రూంలోకి దూరి, ట్యాప్ తిప్పి వేలు పెట్టి చూసింది. గీ నీళ్లు బాలింతకు పోస్తవా, బర్రెకు గూడ పనికిరావు అంది. కాన్పు కాగానే తల్లినీ బిడ్డనూ తన ఇంటికే తీసుకుపోతుందట. అక్కడ గీజర్ ఉందట.

మొదటి కాన్పు. పుట్టింట్లో కాక ఎక్కడ! నా బొందిలో ప్రాణం ఉండగా పోనివ్వను.

మనమూ గీజర్ కొందాం, ఎందుకే గీ లొల్లి అన్నాడు మా ఆయన ఇశ్రాయేలు. కొంటే ఆవిడ మాట నెగ్గినట్టే కదా. ఆ ముక్క ఆయనకు ఎక్కదు.

డిసెంబర్ 8

నవ్వాలో ఏడవాలో తెలియదు. సోలార్ ట్యాంకు మా నెత్తి మీదే ఉంది. మాది నాలుగో అంతస్తు, పైన టెర్రస్. అయినా మాకు గోరువెచ్చని ధార, అదీ సన్నగా. కింద మొదటి అంతస్తులో వెంకట్రావుగారింట్లో మాత్రం బాత్రూం కిటికీలోంచి పొగలు.

ట్యాంకు నుంచి నాలుగు పైపులు, ఫ్లాటుకొకటి. ఒక్కో దానికి ఎర్ర చక్రం ఉన్న వాల్వ్. మాది ఫుల్లుగా తిప్పేసి వచ్చాను. ఏమీ మారలేదు.

డిసెంబర్ 9

ఎల్బీ నగర్ స్టాప్‌లో తట్టింది. ఇన్నేళ్ల కండక్టర్ ఉద్యోగం ఊరికే పోలేదు! వెనక డోర్ దగ్గర జనం తోసుకుని ఎక్కేస్తుంటే, ముందు డోర్ ఎంత బార్లా తెరిచినా అక్కడివాళ్లకు సీటు దొరకదు. వెనక డోర్‌నే కాస్త ఆపాలి. నీళ్లూ అంతే. ఎంత కిందికి దిగితే అంత తోపుడు. కింది ఇళ్లన్నీ ముందే లాగేసుకుంటున్నాయి. మా వాల్వ్ తెరిస్తే లాభం లేదు, కిందివాళ్లవి కొంచెం కట్టాలి.

ఛీ, ఇంత చిన్న సంగతి!

డిసెంబర్ 10

టెర్రస్ వాల్వులు నేను చూసుకుంటానని వెంకట్రావుగారిని అడిగాను. మా అపార్ట్‌మెంటుకు ప్రెసిడెంటు కదా. ఇది టిక్కెట్లు కొట్టడం కాదండీ కృపమ్మగారూ అన్నారు. టిక్కెట్లు కొట్టడం ఆయన్ని ఒక్కరోజు చేయమనండి, దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి ఏడుస్తారు. చివరికి ఒప్పుకున్నారు. ఒక్క కంప్లైంట్ వచ్చినా మళ్లీ వాల్వుల జోలికి రాకూడదట. సరే అన్నాను.

డిసెంబర్ 13

రెండో అంతస్తు, మూడో అంతస్తు వాల్వులు కొంచెం కొంచెం బిగిస్తున్నాను. బిగించడం, కిందికి దిగి వాళ్ల ట్యాప్ చూడడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్లు తిడుతున్నాయి. రెండో అంతస్తు స్వప్న మాకు తేడా ఏం తెల్వలేదక్కా అంది. బంగారం లాంటి పిల్ల.

మాకు ధార పెరిగింది. వేడి చాలదు. ప్రెసిడెంటుగారి వాల్వ్ ముట్టుకోక తప్పదు.

డిసెంబర్ 16

ధనుర్మాసం మొదలైంది. వెంకట్రావుగారి భార్య అమ్మాజీగారు లిఫ్ట్ దగ్గర అందరికీ వినపడేలా చెప్పారు. ఈ నెలంతా తెల్లారగట్ల ఇంటిల్లిపాదీ చన్నీళ్ల స్నానమేనండీ, మా పుట్టింటి నుంచి వచ్చిన నియమం అని.

ఇంటిల్లిపాదీ! స్తోత్రం ప్రభువా అనుకున్నాను. టెర్రస్ ఎక్కి వాళ్ల వాల్వ్ దాదాపు మొత్తం కట్టేశాను. వాడని నీళ్లు వాళ్లకెందుకు?

డిసెంబర్ 17

నీళ్లు కాగాయి! చేయి పెట్టి లాక్కున్నాను. ఇశ్రాయేలును నిద్రలేపి మరీ చూపించాను.

డ్యూటీకి మెట్లు దిగుతుంటే మొదటి అంతస్తు బాత్రూంలోంచి ఒక కేక. అమ్మోయ్ చచ్చానురోయ్ అని. అమ్మాజీగారి గొంతే.

కంప్లైంట్ మాత్రం రాలేదు.

డిసెంబర్ 18

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. దవాఖానలోనే సువార్తమ్మ వదినె తేల్చి చెప్పింది. ఎల్లుండి వచ్చి నీళ్లు చూస్తాను, బాగుంటే సరే, లేకుంటే బిడ్డెను గిటునుంచి గిటే తీస్కపోత అంది. చూడమన్నాను. అల్లుడు గౌతమ్ ఎటూ మాట్లాడలేదు. మాట్లాడితే ఎవరో ఒకరు అన్నం పెట్టరని భయం.

డిసెంబర్ 19

అమ్మాజీగారికి దగ్గు. మెట్ల మీద మూడుసార్లు ఆగారు. వెంకట్రావుగారు మఫ్లర్ చుట్టుకున్నారు. ఇద్దరూ నా మొహం చూస్తారు, ఒక్క మాట అనరు. ఏమని అంటారు? నియమం ఊరంతా చాటుకున్నారు కదా.

మొదట నవ్వొచ్చింది. సాయంత్రానికి రాలేదు. ఇంటికొచ్చే బాలింతకు వేడినీళ్లు కావాలని నేనే పోట్లాడుతున్నాను. కింద ఇంకో ఆడమనిషి దగ్గుతోంది. వాల్వ్ తెరిస్తే రేపు వదినె వేలికి నీళ్లు చల్లగా తగలొచ్చు. నా పరువు, నా బిడ్డ, రెండూ పోతాయి.

తెరిచాను. సగం. తర్వాత మిగతా మూడూ మొదటినుంచి సరిచేశాను. మెట్లు ఎక్కడం, దిగడం, ఎక్కడం. ఇశ్రాయేలు ట్యాప్ దగ్గర కూర్చుని ఇగో ఇప్పుడు మంచిగుంది అని అరిచేదాకా.

డిసెంబర్ 20

వదినె వచ్చింది. వేలు పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. మంచిగనే కాగినయ్ లే అంది.

ఆ 'లే' ఒక్కటి చాలు. సింగరేణి బొగ్గంతా నేనే తవ్వి కాచినంత గర్వంగా ఉంది.

నాలుగు ఇళ్లలోనూ వేడినీళ్లు. చేసింది నేను.

డిసెంబర్ 22

అమ్మాజీగారు చక్కెర పొంగలి తెచ్చారు. దగ్గు తగ్గింది. చన్నీళ్లు ఒంటికి ఎంత మంచివోనండీ అన్నారు. అవునండీ అన్నాను. జన్మలో మొదటిసారి నోరు కట్టుకున్నాను. వాల్వులు ఇక ఇలాగే ఉండనివ్వండి, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి అని చెవిలో చెప్పి వెళ్లారు.

పొంగలిలో జీడిపప్పు బాగా పడింది.

డిసెంబర్ 30

బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోశాను. ఏడవలేదు. జోస్నాకు తలకు పోశాను. తీసుకుపోవడానికి తెచ్చిన సంచితో వదినె పది రోజులుగా ఇక్కడే ఉంది. జర నాకు గూడ పొయ్యి వదినె అని పీట మీద కూర్చుంది. పోశాను. వీపు రుద్దాను.