పిండిన నీటి రంగు

అబిడ్స్, హైదరాబాద్
ఫిబ్రవరి 3

వామన్‌రావు గారికి,

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తూ విమల రాస్తున్న ఉత్తరం.

మీ పెట్టె మొన్న అందింది. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసు నుంచి మా అటెండర్ పెంటయ్య ఆటోలో వేసుకొచ్చాడు. ల్యాబు మెట్లెక్కుతూనే సణుగుడు మొదలుపెట్టాడు. "ఏందమ్మా గీ మట్టి? ఒత్తితే దూది లెక్కుంటది, మోస్తే బండ లెక్కుంటది" అన్నాడు. "గది ఉత్త మట్టి కాదు పెంటయ్యా. చెట్లూ గడ్డీ నీళ్ళల్ల మునిగి మగ్గినయి. నీళ్ళన్నీ పీల్చుకొని ఉంటది" అన్నాను. "చెట్టయితే కట్టె గావాలె, లేకుంటే బూడిద గావాలె. నడుమ గిదేంది?" అని పెట్టె దింపి వెళ్ళిపోయాడు. అతను అడిగింది సరైన ప్రశ్నే. ఇంత ఎండ కాసే దేశంలో రాలిన ఆకు ఏడాది తిరక్కుండా మాయమవుతుంది. నీళ్ళు కప్పేసి గాలి తగలనివ్వని చోటే వేల ఏళ్ళు అలా ఉండిపోతుంది. చలి దేశాల్లో నాచు మగ్గి ఇలాంటి నేల అవుతుందట. మీరున్న అలప్పుళ వైపు అడవులే మునిగి ఇలా అయ్యాయని మీరే ఒకసారి రాశారు. సంచిలో కొమ్మ ముక్క ఏదైనా గుర్తుపట్టేలా దొరికితే తూకం వెయ్యకముందు కాసేపు చేతిలో పట్టుకుంటాను.

మనం రాసుకోవడం మొదలై రెండేళ్ళు దాటింది. ఒకరి ముఖం ఒకరం చూడలేదు. మీ ఫోన్ నంబరు నా దగ్గరుంది, నాది మీ దగ్గరుంది, ఎందుకో ఇద్దరమూ చెయ్యలేదు. పెట్టెలోని మట్టి సంచుల జాబితా ఎలాగూ కాగితం మీదే రావాలి కాబట్టి, దాని వెనక మీరు మొదటిసారి "ఇక్కడ తెలుగు మాట్లాడి పదిహేను రోజులయింది" అని ఒక్క వాక్యం రాశారు. దానికి నేను జవాబు రాశాను. అంతే.

ఇక్కడ ఎగ్జిబిషన్ నడుస్తోంది. సాయంత్రం ఐదు దాటితే నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిచి రావడం పెద్ద పని. అందరూ గుంపులుగా వస్తారు. నేను పక్క సందులో నుంచి వస్తాను. నిన్న ఇంటికి చేరేసరికి మా చెల్లెలు విజయ సోరకాయ పులుసు పెట్టింది. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చొని తిన్నాం.

ఒక చిన్న మాట. ఏడో సంచికి పిండితే నీరు గోధుమ రంగు అని రాశారు. నాకు జల్లెడలో పీచే పీచు కనిపించింది. కళ్ళజోడు ఈ మధ్య మార్చారా?

మీ క్షేమం కోరే
విమల

·

అబిడ్స్
ఫిబ్రవరి 24

వామన్‌రావు గారికి,

మీరు జవాబులో కళ్ళజోడు సంగతి తప్ప అన్నీ రాశారు. అందుకే ఈ ఉత్తరం మీ తర్వాతి పెట్టె వచ్చేదాకా ఆగకుండా విడిగా, స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కొంచెం పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఎందుకో చదువుతూంటే మీకే తెలుస్తుంది.

మీరు పొలంలో గుంట తవ్వి గుప్పెడు తడి మట్టి తీసి పిండుతారు. వేళ్ళ సందుల్లోంచి తేట నీరు కారితే అది ఇంకా మగ్గని పీచు నేల. బురద కారిపోయి పిడికిట్లో ఏమీ మిగలకపోతే పూర్తిగా మగ్గిన నేల. ఆ రెంటికీ నడుమ ఉన్నది సగం మగ్గింది. మీకు నేను చెప్పాల్సిన పాఠం కాదిది. అదే మట్టిని నేనిక్కడ జల్లెడలో కడిగి పీచెంతో చూస్తాను, ఆరబెట్టి ఫర్నేస్‌లో కాల్చి తూస్తాను. తగ్గిన బరువంతా ఒకప్పటి చెట్టు, మిగిలిన బూడిద మట్టి. మొదటి ఏడాదిన్నరా మీ పిడికిలీ నా జల్లెడా ఒక్క మాటే చెప్పాయి. ఒక మనిషి చెయ్యి ఇంత నిజం చెప్పగలదా అని ఆశ్చర్యపోయేదాన్ని.

పోయిన ఆదివారం మీ పాత జాబితాలన్నీ మంచం మీద పరిచాను. మొదట్లో "నీరు తేట" అని ముప్పై నాలుగు చోట్ల ఉంది. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క చోటా లేదు. ప్రతి గుంటా గోధుమ రంగే. కానీ "పిడికిట్లో సగానికి పైగా మిగిలింది" లాంటి మాటలు మాత్రం నా జల్లెడతో సరిపోతూనే ఉన్నాయి. అంటే మీ చెయ్యి బాగానే ఉంది. మా పెద్దమ్మకు కళ్ళల్లో శుక్లాలు వచ్చినప్పుడు పాలు పచ్చగా ఉన్నాయని పాలాయనతో రోజూ తగువుపడేది. నీళ్ళు కలిపినవనీ రంగు కలిపినవనీ అనేది. ఆపరేషన్ అయ్యాక ఆయనకు మొహం చూపించలేక వేరే పాలు మాట్లాడుకుంది. వామన్‌రావు గారూ, మీకు కనిపించడం లేదు కదూ?

నేను దీన్ని నవంబరులోనే అనుమానించాను. అడగలేదు. అడగకపోగా ఇంకో పని చేశాను. మీ మాటా నా జల్లెడా కలవని గుంటలు పదకొండు. ఆ పదకొండింటికీ మీ రాతను వదిలేసి, మీరే "నీరు తేట" అని రాసినట్టు కంప్యూటర్లో ఎక్కించాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీ రాతలతో నా లెక్కలతో గీసిన నేల పటం అచ్చుకు వెళ్తోంది. దాన్ని చూసి అక్కడి రైతుల సంఘం ఏ పొలంలో నిలిచిన నీళ్ళను ఎంత లోతుకు తోడి పారెయ్యాలో తేల్చుకుంటుందట. తప్పు చోట ఎక్కువ తోడితే ఆ నేల కుంగుతుంది, పులుపెక్కుతుంది, ఒకసారి ఎండాక ఎంత తడిపినా మళ్ళీ మునుపటిలా కాదు. మా సార్ నిన్న ఒక కాగితం ముందు పెట్టారు. పొలంలో చూసిందీ ల్యాబులో చూసిందీ విడివిడిగా చూసినవి, రెండూ సరిపోయాయి అని నేను సంతకం చెయ్యాలి. పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాను. తలనొప్పి అని చెప్పి వచ్చేశాను.

ఎందుకు దిద్దానంటే, మీ చూపు సంగతి పైకి తెలిస్తే మిమ్మల్ని పొలం నుంచి తప్పిస్తారు. పెట్టెలు రావడం ఆగిపోతుంది. పెట్టెలో కాగితాలూ ఆగిపోతాయి. మీ మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. జాలి కాదు. నాకు వచ్చే ఉత్తరాలు అవి మాత్రమే.

ఇంత చెప్పాక ఇంకోటి దాచడం బాగుండదు. విజయ నా దగ్గర లేదు. రెండేళ్ళ నుంచి లేదు. ఇరవై ఏళ్ళు ఈ రెండు గదుల్లో ఇద్దరం పెళ్ళి లేకుండా బతికాం. ఉన్నట్టుండి నలభై నాలుగో ఏట, భార్య పోయిన ఒక మాస్టారిని చేసుకుంటానంది. కామారెడ్డి ఆయన. "గీ వయసుల గిదేం పని? నలుగురు నవ్వరా?" అన్నాను. "నలుగురు నవ్వుతరో లేదో తెల్వదక్కా, నువ్వయితే నవ్వుతున్నవు" అంది. నేను పెళ్ళికి వెళ్ళలేదు. ఆ రోజు ల్యాబుకు సెలవైనా వెళ్ళి కూర్చున్నాను. తను మళ్ళీ రాలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. మీకు మొదటి ఉత్తరం రాసిన నాటికి తను వెళ్ళి వారం కూడా కాలేదేమో. ఒక్కదాన్నే ఉంటానని రాయడానికి సిగ్గేసి "మా చెల్లీ నేనూ" అని రాసేశాను. తర్వాత ఆ అబద్ధమే నాకు తోడయింది. సోరకాయ పులుసు నేనే పెట్టుకున్నాను. కిటికీ దగ్గర ఒక్కదాన్నే తిన్నాను.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటారో రాయండి. ఈసారి కళ్ళ సంగతి దాటెయ్యకండి.

విమల

·

అలప్పుళ దగ్గర
మార్చి 12

విమల గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మీరు పెద్ద అక్షరాలు రాశారు గానీ, అవీ నాకు మంచులో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. మట్టి చూసే లెన్స్ పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. ఏడాదిగా మీ ఉత్తరాలన్నీ అలాగే చదువుతున్నాను. కాబట్టి మీరు అనుకున్నది నిజం.

మొదట కోపం వచ్చింది. మీరు నా కళ్ళ గుట్టు కనిపెట్టినందుకు కాదు. నేను రాయనిది నా పేరు మీద ఎక్కించినందుకు. ముప్పై ఏళ్ళు ఈ చేతులతో మట్టి పిండాను. మా సిద్దిపేట వైపు పొలాల్లో మొదలుపెట్టి ఇంత దూరం వచ్చాను. మూడో రోజుకు కోపం పోయి భయం మిగిలింది. మీరు సంతకం పెడితే పటం అచ్చయిపోతుంది.

ఇక్కడ గట్ల మీద పంపులు చూసుకునే ఒక పెద్దావిడ ఉంది. ఆమె భాష నాకు సగమే వస్తుంది, నా భాష ఆమెకు అసలు రాదు. ఆమెను వెంటబెట్టుకొని పదకొండు గుంటల దగ్గరికీ పడవలో తిరిగాను. నాలుగు రోజులు పట్టింది. పిండడం నేను, నీళ్ళ రంగు చెప్పడం ఆమె. గాజు గ్లాసులో పట్టి ఎండకేసి చూసి చెప్పింది. మొదటి గుంట దగ్గర నేను గోధుమ రంగు అనుకున్నదాన్ని ఆమె, మంచినీళ్ళలా ఉందని సైగ చేసి నవ్వింది. ఎన్నాళ్ళ నుంచో తెలిసిన సంగతే. అయినా ఇంకో మనిషి చెప్పగా తెలియడం వేరు.

ఏడు గుంటల్లో మీరే కరెక్టు. కానీ విమల గారూ, నాలుగింట్లో మీది తప్పు. అక్కడ నీళ్ళు నిజంగానే చిక్కటి గోధుమ రంగు. మీరు జల్లెడలో చూసిన పీచు పాత చెట్లది కాదు. అది మొన్నటి గడ్డి వేర్లు. సంచిలో నాలుగు రోజులుండి నల్లబడి పాత పీచులా కనిపించి ఉంటాయి. ఇక్కడ గుంట అంచున చూస్తే పైన పచ్చగా గడ్డి, కింద దాని వేర్లు, చేత్తో లాగితే ఊడిరావు. బతికున్నవి. బతికున్న వేరును లెక్కలోకి తీసుకోకూడదని మీకు తెలుసు. మీరు పొలం చూడలేదు, నా మాట నమ్మడం మానేశారు, అందుకని అవి చచ్చినవనుకున్నారు.

నాలుగు రోజుల కిందట హెడ్డాఫీసుకు మెయిల్ పంపాను. నా చూపు గురించి, ఎనిమిది నెలల నీటి రంగుల గురించి రాశాను. పదకొండు గుంటల కొత్త రాత కూడా పంపాను. మీరు దిద్దిన సంగతి రాయలేదు. అది మీరు చెప్పుకోవాలి. నేను చెబితే చాడీ అవుతుంది, దాస్తే మళ్ళీ మొదటికొస్తాం. నన్ను ఒకటో తారీకు నుంచి పొలం పని నుంచి తప్పిస్తున్నారు. ఎడమ కంటికి ఇరవై ఎనిమిదిన ఇక్కడి దవాఖానలోనే ఆపరేషన్. కొత్తగా ఒక అమ్మాయి వస్తోందట. జాబితాలన్నీ ఫోన్లోనే పంపుతుందట.

మీ చెల్లెలి గురించి నేను సలహా చెప్పగలవాణ్ణి కాదు. నాకు భార్య ఉండేది. విడిపోయి పదహారేళ్ళు. ఎవరి తప్పు అని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. కానీ మీ ఉత్తరాల్లో విజయ గారు కూర వండి, చీర ఆరేసి, మీతో పోట్లాడి, ఇంత బాగా తిరుగుతూ ఉంటే నాకు ఆ ఇల్లు తెలిసినట్టే ఉండేది. ఇకమీదట ఆమె గురించి రాస్తే ఆమె దగ్గర కూర్చొని రాయండి. లేకపోతే రాయకండి.

వామన్‌రావు

·

కామారెడ్డి
మార్చి 30

వామన్‌రావు గారికి,

ఆపరేషన్ అయిందని నిన్న ల్యాబులో తెలిసింది. కట్టు విప్పాక తీరిగ్గా చదవండి, తొందరేం లేదు.

మా సార్‌కు అన్నీ చెప్పాను. ఆయన సంతకం కాగితం తీసి సొరుగులో పెట్టారు. తర్వాత "ఇరవై రెండేళ్ళ సర్వీసు విమల గారూ, గిట్ల చేస్తరా?" అన్నారు. తిట్టినా బాగుండేది. మెమో ఇచ్చారు, జవాబు రాశాను. పటం అచ్చు ఆపారు. ఏడూ నాలుగూ విడివిడిగా చూపించి, నా తప్పు కూడా అడుగున రాసి అప్పుడు సంతకం చేశాను. ఇంకొకరు సరిచూడకుండా నేను చేసిన పరీక్ష ఏదీ ఏడాది పాటు బయటికి వెళ్ళదు. న్యాయమే.

ఈ వేళ పొద్దున జూబ్లీ బస్టాండులో బస్సెక్కాను. ఫోన్ చేస్తే రావద్దంటుందేమోనని చెయ్యలేదు. మా మేనత్త కొడుకును అడిగి చిరునామా తీసుకున్నాను. తలుపు తీసింది రత్నాకర్ గారు, విజయ భర్త. నేను ఎవరో చెప్పకముందే "విమలక్కనా? రాండ్రి" అన్నారు. వెనక నుంచి విజయ తడి చేతులతో వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. రంగు వెయ్యడం మానేసినట్టుంది. నన్ను చూసి అలాగే నిలబడింది.

"చెప్పులు గాడ ఇడ్వు. గిప్పుడే తుడిచిన" అంది.

విడిచాను. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. రత్నాకర్ గారు మంచం మీది పరీక్ష పేపర్ల కట్టలు తీసి నాకు చోటు చేశారు. విజయ అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ ఆయనే మాట్లాడారు, బస్సు ఖాళీగా వచ్చిందా, హైదరాబాద్‌లో ఎండలెట్లున్నాయి అని. విజయ నా కంచంలోకి చూస్తోంది గానీ నా మొహంలోకి చూడలేదు. ఆయన తిని మళ్ళీ బడికి వెళ్ళాక నేనే మొదలుపెట్టాను. "విజయా, ఆ రోజు నేనన్న మాట" అన్నాను.

"ఇప్పుడొద్దక్కా" అంది. కంచాలు తీస్తూ, ఇంకా నా వైపు చూడకుండానే, "రేపు గూడ ఉంటవా?" అని అడిగింది.

"ఉంటా" అన్నాను.

"అయితే రేపు తిడ్త. రెండేండ్లది ఉన్నది, ఒక్క పూటల ఒడువది" అంది. కంచాలు పట్టుకొని వెనక్కి వెళ్ళింది. అక్కడ నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది గానీ కంచాలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించలేదు. నేను లేచి వెళ్ళబోయి ఆగాను.

ఇప్పుడు తను గడప దగ్గర కూర్చొని బియ్యం ఏరుతోంది. నేను ఈ మూల మంచం మీద కూర్చొని రాస్తున్నాను. ఎవరికి అని అడిగింది. ఆఫీసులో ఒక సార్‌కు అన్నాను. "ఏం రాస్తున్నవు గంత పొడుగు?" అంది. నీ గురించే అన్నాను. చేట పక్కన పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నిజమే రాస్తున్నవా?" అని అడిగింది.

ఔనన్నాను.

విమల