జబ్బ పట్టుకున్న చెయ్యి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, కాలువగట్టు గిరిజన కాలనీలో ఉంటున్న, కీర్తిశేషులు చెంబేటి సుబ్బు కూతురు వనజాక్షి అనే నేను, వయసు ఇరవై ఎనిమిది, వృత్తి ప్రాథమిక పాఠశాల టీచరు, నా ఇష్టంతో రాసి ఉంచుతున్న వీలునామా.

ఇలాంటి కాగితాలను ‘సంపూర్ణ ఆరోగ్యంతో’ అని మొదలుపెడతారట. నేను అలా రాస్తే అబద్ధం అవుతుంది. నా గుండెలో ఒక వాల్వు చెడిపోయింది. వచ్చే వారం చెన్నైలో ఆపరేషన్. బుద్ధి మాత్రం స్థిరంగా ఉంది. భయం కూడా ఉంది. భయపడుతూ రాసినంత మాత్రాన కాగితం చెల్లకుండా పోదని మా హెడ్మాస్టరు పద్మనాభయ్య గారు చెప్పారు. నా మీద ఎవరి బలవంతమూ లేదు.

బతికి వస్తే దీన్ని నేనే చించేస్తాను. రాకపోతే అమలు జరిపే బాధ్యత నా తోటి టీచరు ఎలిశబెతు అక్కది. అక్కా, మా అమ్మ పోలమ్మకు చదువు రాదని నీకు తెలుసు. నిదానంగా చదివి వినిపించు. ఏడిస్తే ఆగు. కానీ సగంలో వదిలేయకు.

1. నా స్కూటీ తమ్ముడు పెంచల్‌కు చెందుతుంది. బ్రేకులు బాగు చేయించాకే ఎక్కాలి. ‘నీ బండి కన్నా మన గేదె ముందు పోతాది కదక్కా’ అని ఎగతాళి చేసేవాడివి. నువ్వు కూడా గేదె వెనకే పో.

2. నా వెండి పట్టీలు, పుస్తకాలు, రేకు పెట్టె పెంచల్ కూతురు ఏడేళ్ల రోజాకు. రోజా హాస్టల్‌కు వెళ్లాక ఎవరైనా ‘మీ యానాదోళ్లు ఎలుకలు తింటారంట కదా’ అని అడిగితే ఏం జవాబు చెప్పాలో రాసిపెడదామనుకున్నాను. నాకు ఇప్పటికీ తోచలేదు. నన్ను ఏడో తరగతిలో అందరి ముందు నిలబెట్టి అలా అడిగిన మేడమ్‌కు నా ఆస్తిలో ఏ హక్కూ లేదు.

3. తాత మాల్యాద్రి పీతలు పట్టిన ఇనప కొక్కెం అమ్మ దగ్గరే ఉండాలి. ప్రదర్శనలో పెడతామని ఎవరు అడిగినా ఇవ్వకూడదు. అది ఇంకా పనిచేస్తోంది.

4. ఇక ఫోటో సంగతి. నా ఆస్తిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే.

తాత, అంటే మా అమ్మ నాన్న, ఊళ్లో ఆసామి రంగనాయకులు గారి ఇంట్లో కాపలా ఉండేవాడు. వాళ్లు అటక దులిపించినప్పుడు అట్టకు అంటించిన పాత ఫోటో ఒకటి బయటపడింది. ‘ఇందులో ఉండేది మీవాళ్లే కదరా మాల్యాద్రీ, తీసకపో’ అన్నారట. తాత గడ్డం మీది పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాడు. అది ఆయన నాయనమ్మ కామమ్మ. చిన్నప్పుడు ఒక దొర వచ్చి తమనందరినీ వరసగా నిలబెట్టి బొమ్మలు తీసుకుపోయాడని ఆమె ఆయనకు చెప్పేదట.

ఫోటోలో ఆమె రోజా కన్నా కాస్త పెద్దది. ఒంటి మీద రవిక లేదు. పక్కన అంకెలు వేసిన కొలబద్ద నిలబెట్టి ఉంది. ఎడమ అంచున ఒక చెయ్యి ఉంది. కోటు అంచు, వేలికి ఉంగరం కనిపిస్తాయి, మనిషి కనిపించడు. ఆ చెయ్యి ఆమె జబ్బ పట్టుకుని ఉంది. కింద ఇంగ్లీషులో ‘యానాది పిల్ల’ అని, పక్కన ఆమె ఎత్తు రాసి ఉన్నాయి. పేరు లేదు.

చిన్నప్పటి నుంచి చూస్తున్నా నేను ఆమె ముఖమే చూశాను. బీఈడీ చదివేటప్పుడు సెలవుల్లో ఇంటికి వచ్చి మొదటిసారి ఆ చెయ్యి చూశాను. అది తెల్ల చెయ్యి కాదు. దొర కెమెరా వెనక ఉన్నాడు. పిల్లను ఆయన కోసం కదలకుండా పట్టుకున్నది మన ఊళ్ల చెయ్యే. ఆ ఉంగరం ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకోవాలని తిరిగాను, ఎవరూ చెప్పలేదు.

5. తాత పోయాక అమ్మ ఆ ఫోటోను పెద్దది చేయించమని పెంచల్‌ను స్టూడియో అజారుద్దీన్ అన్న దగ్గరికి పంపింది. పోయినవాళ్ల ఫోటోలు తయారు చేయడంలో ఆయనకు పేరు. చొక్కా లేనివాళ్లకు కోటు వేస్తాడు, బోసి మెడకు గొలుసు వేస్తాడు. మా కామమ్మకు కూడా ఎర్ర పట్టుచీర కట్టి, రవిక తొడిగి, రంగు తెల్లబరిచి, వెనక నీలం తెర వేశాడు. కొలబద్ద లేదు. చెయ్యి లేదు. ‘రవిక లేకుండా దండెట్టా వేస్తారమ్మా?’ అని నన్నే అడిగాడు.

ఆ రోజు అమ్మతో పోట్లాడాను. ‘ఆ చెయ్యి ఏమైందమ్మా’ అని అరిచాను. అమ్మ పటం తుడుస్తూనే, ‘ఆ చెయ్యి మనకెందుకు పాపా? ఇన్నేళ్లు పట్టుకోనుండింది చాల్లే. ఆ స్టూడియో అబ్బయ్య వదిలించినాడు, సంతోషపడక!’ అంది.

ఆ పట్టుచీర పటం అమ్మదే. దాని ముందు పెట్టే దీపం ఎవరూ ఆపకూడదు.

6. నా రేకు పెట్టె అడుగున పేపరు ముక్క ఒకటి ఉంది. నా చిన్నప్పుడు తుపాను తర్వాత మా కాలనీలో దుప్పట్లు పంచినప్పటిది. ఒక్క దుప్పటి మీద అన్నీ పెద్దమనుషుల చేతులు, వాటి కింద నేను. ఒకాయన నా భుజం పట్టి కెమెరా వైపు తిప్పాడు. కింద అందరి పేర్లూ వేశారు. నన్ను మాత్రం ‘యానాది బాలిక’ అని రాశారు. దుప్పటి వెచ్చగానే ఉండేది, అది కూడా చెప్పాలి. ఆ ముక్కను కామమ్మ అసలు ఫోటోతో ఒకే కవర్లో పెట్టాలి.

7. నేను పోతే నా పటానికి అజారుద్దీన్ అన్నకు పట్టుచీర పని లేదు. మైపాడు బీచ్‌లో రోజా నా ఫోన్‌తో తీసిన ఫోటో చాలు. కళ్లు సగం మూసుకుని నవ్వుతుంటాను. రంగు మార్చకూడదు. కింద పేరు రాయించాలి.

8. నా జబ్బు బయటపడ్డాక మా కాలనీ కామాక్షయ్య మామ మా ఇంటికొచ్చి, ‘ఒంటి మీద గుడ్డ లేని పెద్దమ్మను గూట్లో పెట్టుకోని ఉండారు. పిల్లకు జబ్బు రాక ఏమొస్తాది?’ అన్నాడు. అప్పటి నుంచి అమ్మ అసలు ఫోటోను సముద్రంలో వదిలేస్తానంటోంది. నేను భయపడి దాన్ని ఎలిశబెతు అక్క బీరువాలో దాచాను. నాకు ఏమైనా అయితే అమ్మ ఆ ఫోటోనే కారణమనుకుంటుంది. ఆ రోజు ఎవరు చెప్పినా వినదు.

అందుకే మొదట ఈ షరతు ఇలా రాశాను: అసలు ఫోటో ఎట్టి పరిస్థితుల్లోనూ పోలమ్మ చేతికి ఇవ్వరాదు. చట్టప్రకారం చెల్లుతుందని పద్మనాభయ్య గారు కూడా అన్నారు. మళ్లీ చదువుకుంటే నా చేతిరాతే నాకు పరాయిదిగా కనిపించింది. అమ్మను కదలకుండా నిలబెట్టే ఏర్పాటు నేనే చేస్తున్నాను. కొట్టేశాను. కొట్టేసిన చోట పక్కన నా సంతకం ఉంది.

ఆ ఫోటో మా అమ్మది. ఎలిశబెతు అక్క దాన్ని ఆమె చేతికి ఇవ్వాలి.

అమ్మా, నీళ్లలో వదలాలనుకుంటే ముందు రోజాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూపించు. ఈమె పేరు కామమ్మ అని చెప్పు. ఆ చెయ్యి కూడా చూపించు. ఇది నా కోరిక, షరతు కాదు. తర్వాత గూట్లో పెట్టుకుంటావో, సముద్రానికి ఇస్తావో నీ ఇష్టం. పోతే పోనీ అని కూడా రాస్తున్నాను.

షరతు ఒక్కటే. నువ్వు ఆ కవరు తీసుకుని ఎటు నడిచినా పెంచల్ గానీ, అక్క గానీ, చదువుకున్నవాళ్లు ఇంకెవరు గానీ నీ జబ్బ పట్టుకోకూడదు.

తేదీ: 11 ఫిబ్రవరి 2025
స్థలం: ఇందుకూరుపేట

స్వదస్తూరితో,
చెంబేటి వనజాక్షి

మా ఎదుట ఆమె, ఆమె ఎదుట మేము సంతకాలు చేశామని సాక్షులు:
1. పద్మనాభయ్య, హెడ్మాస్టరు
2. రహీమున్నీసా, కుట్టుపని, స్కూలు ఎదురిల్లు