పిట్ట తలుపు వెనక పేజీ

ఆదివారం, మే 12
దుకాణం గది, మధ్యాహ్నం

చిరంజీవి మా బొమ్మలయ్యకు,

నీ వదిన ఒక చేత్తో ఆశీర్వదిస్తూ, రెండో చేత్తో నీ చెవి మెలిపెడుతూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. ఏదో రాయాలి కాబట్టి రాసిన కులాసా కాదు, ఈసారి నిజంగానే కులాసా! కాలు ఒకచోట నిలవడం లేదు. అక్షరాలు వంకర పోతే సర్దుకో. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే రెండు ముక్కలకే పనుంది వదినా అని పెట్టేస్తావు, మీ నాన్నగారి మాటెత్తితే ఆ రెండు ముక్కలూ ఉండవు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా.

గడియారం బాగుచెయ్యడం చేతకాక గడియారం బొమ్మలేసుకుంటున్నాడు అని మావయ్య ఒక్క మాట అన్నందుకు సంచి సర్దుకుని పోయావు. ఆయనేమన్నా తక్కువా? నువ్వు వేసిన బొమ్మవైపు కన్నెత్తి చూడనని భీష్మించారు. తీరా చూద్దామని మనసయ్యేసరికి చూపే పోయింది. తండ్రీకొడుకులిద్దరికీ ముక్కు మీదే కోపం. మధ్యలో నలిగేది మేము.

ముందు నీకు కోపం తెప్పించే కబురు చెప్పేస్తాను. మన దుకాణం వెబ్‌సైట్లోంచి నీ గడియారం మెనూ తీసేశాను. నేనే తీశాను. మీ అన్నయ్యకి ఏ పాపమూ తెలీదు, ఆయన్ని తిట్టకు.

అది బాగాలేదని ఎవరన్నారు? లోలకం ఊగడం, ముల్లు తిరుగుతూ రిపేర్ల దగ్గరా ధరల దగ్గరా అడ్రసు దగ్గరా ఆగడం, ఆగినప్పుడు నొక్కితే ఆ పేజీ తెరుచుకోవడం, పైన చిన్న తలుపు తోసుకుని పిట్ట బయటికొచ్చి కూయడం! మొదటిరోజు నేను చంటిపిల్లలా చప్పట్లు కొట్టాను. కానీ బాబూ, అడ్రసు కావలసినవాళ్లు చప్పట్లు కొట్టడానికి రారు.

పళ్ల డాక్టరుగారి సంగతే విను. వాళ్లింట్లోనూ అల్లుడింట్లోనూ మన దుకాణంలోలాగే పాత కంప్యూటర్లే. అడ్రసు కోసం ముల్లు వెంట పడి ధరల్లోకి వెళ్లిపడ్డారట. వెనక్కి రావడానికి బ్యాక్ నొక్కితే ఏకంగా సైట్లోంచే బయటపడ్డారు. మళ్లీ వచ్చి, లోలకం ఊగేదాకా ఓపిక పట్టి, ఎలాగో అడ్రసు పట్టుకుని దాన్ని వాళ్ల అల్లుడికి పంపితే, ఆ అబ్బాయికీ మొదట్నుంచీ లోలకమే! నీ సైట్లో ఏ పేజీకీ విడిగా లింకు లేదు కదా. గడియారం బాగుచేయించుకుందామని వస్తే గడియారంతోనే కుస్తీ పట్టించారమ్మా అని కౌంటరు ముందు నిలబడి ఒకటే వాయించారు. ఫోనులో చూసేవాళ్లకి ఆ కుస్తీ భాగ్యం కూడా లేదు. నీ బొమ్మ కదలాలంటే ఏదో ప్లగిన్ కావాలట, ఇప్పటి ఫోన్లూ బ్రౌజర్లూ దాన్ని గడప తొక్కనివ్వవు. తెల్లటి డబ్బా, అంతే! దుకాణంలోని పాత కంప్యూటర్లో ఆడుతోంది కదా అని మనం మురిసిపోతూ కూర్చున్నాం. గోడ గడియారం రిపేరు అని ఎవరు వెతికినా మనం దొరకం, ఆ మాటలన్నీ బొమ్మ కడుపులోనే ఉండిపోయాయి మరి.

ఇక లాభం లేదని నువ్వు వదిలేసిన ఫైళ్లు ముందేసుకుని, పాత జాకెట్టు కుట్లు విప్పినట్టు ఒక్కోటీ విప్పాను. మాటలన్నీ బయటికి లాగి మామూలు లింకులుగా వరసలో పెట్టాను. పని అయిపోయిందనుకుంటే పిట్ట తలుపు దగ్గర ఇంకో పేజీ చేతికి తగిలింది! పిట్ట తొంగి చూసిన రెప్పపాటులో దాని మీద నొక్కితేనే తెరుచుకునే పేజీ! ఎవరికి తడుతుందయ్యా మహానుభావా? పిట్టని చూసి నవ్వుకుంటారు గానీ పిట్ట నెత్తిన నొక్కుతారా ఎవరైనా?

దాని పేరు మా నాన్న. ఏ గడియారం వచ్చినా నాన్న వెంటనే మూత తియ్యరు, కుడిచెవికి ఆనించుకుని వింటారు, జబ్బు ఎక్కడుందో విన్నాకే చెయ్యి వేస్తారు అని రాశావు. ఈ ముల్లు నడక ఆయన పక్కన కూర్చుని వింటూ నేర్చుకున్నదే అని రాశావు. చదువుతూ కౌంటరు దగ్గరే ఏడ్చేశాను. చిల్లర కోసం నిలబడ్డ ఆవిడ పాపం కంగారుపడి నాకే మంచినీళ్లిచ్చింది.

తెర మీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రాం మీ అన్నయ్య పెట్టించారు, మావయ్య దాంతోనే వార్తలు వింటారు. మొన్న ఆయన్ని కూర్చోబెట్టి, ఈ మీట నొక్కుతూ పోండి అన్నాను. రిపేర్లు అంది. ధరలు అంది. అడ్రసు అంది. మా నాన్న అంది. మావయ్య వేలు ఆగిపోయింది. తర్వాత మెల్లగా ఆ పేజీ తెరిచి మొత్తం విన్నారు. మళ్లీ మొదట్నుంచి విన్నారు. నేనూ, చేతిలో స్క్రూడ్రైవరుతో మీ అన్నయ్యా పక్కనే నిలబడ్డాం. చివరికి ఏమన్నారో తెలుసా? కుడిచెవి కాదు, ఎడమచెవి. వెధవ, ఇన్నేళ్లు పక్కన కూర్చుని అది కూడా చూసుకోలేదు, వచ్చి దిద్దమను అన్నారు.

వచ్చి దిద్దమను అన్నారయ్యా! మీ అన్నయ్య చేతిలో స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడితే అబ్బా అనడం కూడా మర్చిపోయారు. కుడిని ఎడమ చెయ్యడం నాకు క్షణం పని. చెయ్యను గాక చెయ్యను. అది నీ పని.

నీ గడియారాన్ని పారేశాననుకోకు. మొదటి పేజీలో ఓ పక్కన చిన్న వీడియోగా ఊగుతూనే ఉంది. చూడాలనుకున్నవాళ్లు చూస్తున్నారు, పనున్నవాళ్లు తిన్నగా పనికి వెళ్తున్నారు. నువ్వొస్తే ఇంకా బాగా చేస్తావు, నాకు తెలుసు. మేడ మీది గది దులిపించాను. సాకులు చెప్పావంటే నేనే వచ్చి నీ ఆఫీసులో అందరి ముందూ చెవి పట్టుకుని లాక్కొస్తాను.

జవాబు వద్దు, నువ్వే కావాలి అంటూ,
మీ వదిన

తా.క. కస్టమర్ల గోల పడలేక మార్చానని రాశాను. గోల నిజమే, కానీ నీ మీద అభిమానం కొద్దీ ఏడాదిగా వాళ్లకి సర్దిచెబుతూనే వచ్చాను, ఇంకో ఏడాదైనా చెప్పేదాన్ని. ఆ పేజీ దానంతటది తగిలిందన్నదీ అబద్ధం, వెతికి వెతికి పట్టుకున్నాను. ఒకరోజు భోజనానికి పిలుద్దామని వెళ్తే మావయ్య ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. ఇయర్‌ఫోన్ వైరు ఊడి గొంతు బయటికి వినిపిస్తోంది. వార్తలు కాదు, మన సైటు. మీట నొక్కిన ప్రతిసారీ ఆ గొంతు బొమ్మ అంటోంది, ఇంకో మాట లేదు. చూపు పోయి ఆ ప్రోగ్రాం పెట్టించిన దగ్గర్నుంచీ రోజూ చేస్తున్నది అదేనట, తర్వాత అడిగితే చెప్పారు. మీ గురించి అందులో ఏం రాశానో ఒక్కసారైనా చూశారా అని గుమ్మం దాటుతూ ఆయన్ని అడిగావట కదా. నేను వెనక నిలబడ్డానని ఆయనకి తెలీదు. తెర మీదికి వంగి, తలుపు తియ్యరా చిన్నోడా అంటున్నారు.